11 వేల జీతం, 18 వేల ఆఫర్.. డెంటల్ అసిస్టెంట్‌కి అసలు దారి ఎటు?

పన్ను నొప్పితో క్లినిక్‌కి వెళ్లొచ్చినవాళ్లకి డాక్టర్ గుర్తుంటారు. బిల్లు ఇంకా బాగా గుర్తుంటుంది. కానీ నోట్లో నీళ్లు లాగేస్తూ "ఇంకో రెండు నిమిషాలే అన్నా, ముక్కుతో ఊపిరి తీసుకోండి" అని ధైర్యం చెప్పిన అమ్మాయి ఎంతమందికి గుర్తుంటుంది? మాస్క్ వెనక ఉంటుంది కాబట్టి మొహం కూడా సరిగ్గా చూసి ఉండం. ఈ వారం ఉత్తరం ఆ మాస్క్ వెనక నుంచే వచ్చింది. పేరు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

"మాది పల్నాడు వైపు ఒక టౌన్. వయసు 23. ఇంటర్ బైపీసీ పాసయ్యాను, డిగ్రీ మధ్యలో ఆపేశాను. నాలుగేళ్లుగా ఒక పళ్ల డాక్టర్ గారి దగ్గర అసిస్టెంట్‌ని. జీతం 11 వేలు. మొదట్లో ట్రేలు కడగడం, టోకెన్లు రాయడం. ఇప్పుడు ఆయన అడగకముందే ఏది కావాలో అది చేతిలో పెట్టేస్తాను. ఈమధ్య పక్క టౌన్‌లో కొత్తగా పెట్టిన క్లినిక్ వాళ్లు 18 వేలు ఇస్తామంటున్నారు. డాక్టర్ వారానికి మూడు రోజులే వస్తారట. మిగతా రోజుల్లో క్లీనింగులు నేనే చేసేయాలట. ‘నీకు చేయి తిరిగింది కదా, ఎవరడుగుతారు’ అంటున్నారు. ఇంకోపక్క ఆరు నెలల ఆన్‌లైన్ ‘హైజీనిస్ట్ సర్టిఫికెట్’ 40 వేలకి ఇస్తామని ఒకాయన ఫోన్ మీద ఫోన్. నాన్న కౌలు రైతు. ఈ ఏడు మిర్చి దెబ్బతింది. 18 వేలకి వెళ్లిపోనా? సర్టిఫికెట్ తీసుకోనా? అసలు ఈ పనిలో పైకి వెళ్లే మెట్లు ఉన్నాయా?"

చెల్లెమ్మా, తిప్పి తిప్పి చెప్పను. 18 వేల ఉద్యోగం వాళ్లు చెప్పిన పద్ధతిలో అయితే వద్దు. 40 వేల సర్టిఫికెట్ అసలే వద్దు. మెట్లు మాత్రం ఉన్నాయి. ఒక్కొక్కటీ చూద్దాం.

"ఎవరడుగుతారు" అన్నవాళ్లని నమ్మొద్దు

మన దేశంలో పళ్ల వైద్యానికి పునాది వేసింది 1948 నాటి డెంటిస్ట్స్ యాక్ట్. అందులో ముగ్గురి గురించి విడిగా చెప్పారు. ఒకరు డెంటిస్ట్. రెండు, డెంటల్ హైజీనిస్ట్. అంటే పళ్లకి పట్టిన గార తీసి, శుభ్రం చేసి, పాలిష్ పెట్టేవాళ్లు, నోటి శుభ్రత గురించి చెప్పేవాళ్లు. మూడు, డెంటల్ మెకానిక్. అంటే కట్టుడు పళ్లలాంటివి తయారు చేసేవాళ్లు, రిపేరు చేసేవాళ్లు. ఈ ముగ్గురికీ రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో రిజిస్టర్లు ఉంటాయి.

గమనించారా? మీరు "క్లీనింగ్" అంటున్న స్కేలింగ్ పని చట్టం ప్రకారం హైజీనిస్ట్‌ది, డెంటిస్ట్‌ది. ఆ మూడు పేర్లలో అసిస్టెంట్ లేరు. మీ చేయి ఎంత తిరిగినా, డాక్టర్ లేని గదిలో మీరొక్కరే పేషెంట్ నోట్లో స్కేలర్ పెట్టడానికి మీ దగ్గర ఏ కాగితమూ లేదు.

ఇది కాగితాల గొడవ మాత్రమే కాదు. రక్తం పల్చబడే మాత్రలు వాడే పెద్దాయన వస్తారు. షుగర్ అదుపులో లేని ఆవిడ వస్తారు. గుండెలో కృత్రిమ వాల్వ్ వేయించుకున్నవాళ్లకి స్కేలింగ్‌కి ముందే యాంటీబయాటిక్ ఇవ్వాల్సి ఉంటుంది. ఆ మాట అడగాలని తెలియాలి, విన్నాక ఏం చేయాలో నిర్ణయించే అర్హత ఉండాలి. రక్తం ఆగని రోజున డాక్టర్ ఫోన్‌లో ఉంటారు, గదిలో ఉండేది మీరు. "ఎవరడుగుతారు" అన్నవాళ్లే ఆ రోజు "మేం చేయమనలేదే" అంటారు.

అలాగని ఆ ఆఫర్‌ని చెత్తబుట్టలో వేయకండి. వాళ్లకి మీ అవసరం ఉందన్నమాట నిజం. ఇలా అడిగి చూడండి: "డాక్టర్ గారున్న మూడు రోజులూ అసిస్టింగ్ చేస్తాను. మిగతా రోజుల్లో రిసెప్షన్, స్టెరిలైజేషన్, స్టాక్, పేషెంట్లకి ఫాలో అప్ కాల్స్ చూసుకుంటాను. నోట్లో చేసే పని మాత్రం చేయను. ఇది రాసివ్వండి." 18 బదులు 15 అన్నా, రాసిస్తే అప్పుడు ఆలోచించవచ్చు. రాసివ్వమంటే మొహం మార్చేస్తే సమాధానం దొరికేసినట్టే.

ఇప్పుడున్న చోట కూడా ఇదే మాట. డాక్టర్ గారు పక్కనే ఉన్నా సరే, "కొంచెం నువ్వు చేసేయమ్మా" అని స్కేలర్ చేతికిస్తే, "సర్, నేను పక్కన సక్షన్ పడతాను" అని మర్యాదగా తప్పుకోండి.

ఆరు నెలల్లో హైజీనిస్ట్ అయిపోరు

గుర్తింపు ఉన్న డెంటల్ హైజీనిస్ట్ డిప్లొమా రెండేళ్ల కోర్సు. డెంటల్ కాలేజీలో, నిజమైన పేషెంట్ల మీద, పర్యవేక్షణలో నేర్పుతారు. సాధారణంగా ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ చదివి ఉండాలి. మీది బైపీసీ కాబట్టి తలుపు తెరిచే ఉంది. స్కేలింగ్‌ని ఆన్‌లైన్‌లో నేర్పడమంటే వాట్సాప్‌లో ఈత నేర్పినట్టే.

ఎవరు ఏ కోర్సు అమ్మినా ఈ మూడు ప్రశ్నలు వేయండి.

1. ఈ కోర్సుకి, ఈ కాలేజీకి డెంటల్ కౌన్సిల్ గుర్తింపు ఉందా? బోర్డు మీద కాదు, కౌన్సిల్ జాబితాలో చూపించండి.
2. ఇది పూర్తిచేస్తే రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ నన్ను రిజిస్టర్ చేస్తుందా?
3. పోయిన బ్యాచ్‌లో రిజిస్టర్ అయినవాళ్లు ఒకరిద్దరితో మాట్లాడించగలరా?

జవాబుగా "హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్ మేడం" అని వినపడితే ఫోన్ పెట్టేయండి. ఇంకో విషయం. డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా స్థానంలో నేషనల్ డెంటల్ కమిషన్ తేవడానికి 2023లో పార్లమెంటు చట్టం చేసింది. కాబట్టి పాత పీడీఎఫ్‌లు చూసి మోసపోకుండా, చేరే ముందు అధికారిక వెబ్‌సైట్‌లో తాజా జాబితానే చూడండి.

మొదటి మెట్టు: రూపాయి ఖర్చు లేనిది

జీతం పెరగాలంటే ముందు "పని తెలిసిన అమ్మాయి" అనే పేరు "పద్ధతి తెలిసిన అసిస్టెంట్" అని మారాలి. తేడా ఎక్కడ వస్తుందంటే...

స్టెరిలైజేషన్: ఆటోక్లేవ్ స్విచ్ వేయడం అందరికీ వచ్చు. 121 డిగ్రీల దగ్గర కనీసం 15 నిమిషాలు, 134 డిగ్రీల దగ్గర కనీసం 3 నిమిషాలు ఆ వేడి నిలవాలని, మెషిన్‌ని బట్టి కంపెనీ మాన్యువల్ చెప్పిన టైమే పాటించాలని ఎంతమందికి తెలుసు? పౌచ్ మీద రంగు మారితే అది ఆటోక్లేవ్‌లోకి వెళ్లొచ్చిందని మాత్రమే అర్థం. లోపల క్రిములన్నీ చచ్చాయని గ్యారంటీ కాదు. దానికి స్పోర్ టెస్ట్ వేరే ఉంది. రోజూ ఏ లోడ్ ఎన్ని గంటలకి పెట్టారో ఒక పుస్తకంలో రాయడం మొదలుపెట్టండి. ఏ పెద్ద క్లినిక్ ఇంటర్వ్యూలోనైనా ఆ ఒక్క అలవాటు మీ తరఫున మాట్లాడుతుంది.

చెత్త: 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్ ప్రకారం రక్తం అంటిన దూది, గాజు గుడ్డ పసుపు సంచిలోకి. గ్లవ్స్, సక్షన్ టిప్పుల్లాంటి ప్లాస్టిక్ ఎరుపులోకి. సూదులు, బ్లేడ్లు గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి. గాజు సీసాలు నీలంలోకి. ఇది కంఠతా వచ్చి ఉండాలి.

మీ ప్రాణం: హెపటైటిస్ బి టీకా వేయించుకున్నారా? మొదటి డోసు, నెలకి రెండోది, ఆరో నెలకి మూడోది. ఇంతవరకూ వేయించుకోకపోతే ఈ వ్యాసం ఇక్కడ ఆపి ముందు ఆ పని చూడండి. ఎప్పుడైనా వాడిన సూది గుచ్చుకుంటే వేలు పిండకండి, నోట్లో పెట్టుకోకండి. సబ్బుతో, పారే నీళ్ల కింద కడిగి, డాక్టర్‌కి చెప్పి, వీలైతే రెండు గంటల్లోపు ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటలు దాటితే పనిచేయవు. "డాక్టర్ గారు తిడతారేమో" అని దాచిపెట్టే విషయం కాదిది.

లెక్క: ఒక నోట్‌బుక్ పెట్టండి. ఈ నెల ఎన్ని రూట్ కెనాల్స్‌కి, ఎన్ని పళ్లు తీయడాలకి, ఎన్ని ఇంప్లాంట్లకి అసిస్ట్ చేశారో రాయండి. పేషెంట్ పేర్లు వద్దు, అంకెలు చాలు. "నాలుగేళ్ల అనుభవం ఉంది" అనడానికి, "ఏడాదిలో ఇన్ని ఇంప్లాంట్ కేసులకి అసిస్ట్ చేశాను" అనడానికి జీతంలోనే తేడా వస్తుంది.

రెండో మెట్టు: చైర్ పక్క నుంచి టేబుల్ వెనక్కి

పేషెంట్ ఎక్కడ ఆగిపోతాడో మీకు డాక్టర్ కన్నా బాగా తెలుసు. "క్యాప్ లేకపోతే ఏమవుద్దమ్మా?" అని ఆయన అడిగేది డాక్టర్‌ని కాదు, బయటికొచ్చాక మిమ్మల్ని. ఆ జవాబు చక్కగా చెప్పగలగడమే పెద్ద క్లినిక్కుల్లో ఒక ఉద్యోగం. ట్రీట్‌మెంట్ కోఆర్డినేటర్ అంటారు. డాక్టర్ రాసిన చికిత్సని అర్థమయ్యేలా చెప్పడం, ఎన్ని సిట్టింగులో, ఎంతవుతుందో, వాయిదాలు ఎలాగో వివరించడం, మానేసినవాళ్లకి ఫోన్ చేయడం. దాని పై మెట్టు క్లినిక్ మేనేజర్. స్టాక్, స్టాఫ్ డ్యూటీలు, ల్యాబ్ ఆర్డర్లు, బిల్లులు అన్నీ చూసుకోవాలి.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల చాలా బ్రాంచీలున్న డెంటల్ చెయిన్లలో ఈ మెట్లు స్పష్టంగా ఉంటాయి. సింగిల్ డాక్టర్ క్లినిక్‌లో ఉండవు. ఎంత మంచి డాక్టరైనా అక్కడ పైన ఉండే కుర్చీ ఒక్కటే, అది ఆయనదే.

దీనికి కావాల్సినవి ఎక్సెల్ షీట్, క్లినిక్ సాఫ్ట్‌వేర్, కాస్త ఇంగ్లిష్, ఒక డిగ్రీ. ఆగిపోయిన డిగ్రీని ఓపెన్ యూనివర్సిటీలో పని చేసుకుంటూనే పూర్తిచేయవచ్చు. ఇంటర్ లేని అసిస్టెంట్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీకు రెండు రాష్ట్రాల్లోనూ ఓపెన్ స్కూల్ ఇంటర్ ఉంది.

మూడో మెట్టు: హైజీనిస్ట్

ఇప్పుడు మీరు దొంగచాటుగా చేయమంటున్న పనిని దర్జాగా చేయగలిగే దారి ఇది. ప్రైవేట్ క్లినిక్కులే కాదు, ప్రభుత్వ ఉద్యోగాలూ ఉంటాయి. రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డుల పారామెడికల్ నోటిఫికేషన్లలో ఒక్కోసారి డెంటల్ హైజీనిస్ట్ పోస్టు ఉంటుంది. మూల వేతనం 35,400. కానీ ఆశ పెట్టుకునే ముందు రెండు నిజాలు. 2024 నోటిఫికేషన్‌లో దేశం మొత్తానికి ఉన్న పోస్టులు 3. పైగా డిప్లొమాతో పాటు బయాలజీతో డిగ్రీ, రెండేళ్ల అనుభవం కూడా అడుగుతారు. మాజీ సైనికుల కోసం నడిచే ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్కులు డెంటల్ హైజీనిస్ట్, అసిస్టెంట్ పోస్టుల్ని కాంట్రాక్ట్ మీద భర్తీ చేస్తుంటాయి. డిప్లొమా, ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లకి అది మంచి అవకాశం.

ఇప్పుడు కష్టమైన లెక్క. రెండేళ్లు పగలంతా కాలేజీ అంటే 11 వేల చొప్పున 24 నెలలకి 2 లక్షల 64 వేల జీతం పోతుంది. ఫీజు, హాస్టల్ దానికి అదనం. కౌలు రైతు ఇంట్లో ఇది చిన్న అంకె కాదు. కాబట్టి నా మాట ఇది. గుర్తింపు ఉన్న కాలేజీలో, మోయగలిగే ఫీజుకి సీటొస్తే, సాయంత్రాలో ఆదివారాలో పని దొరికితే, వెళ్లండి. స్కాలర్‌షిప్ వర్తిస్తుందా అని కాలేజీలో ముందే అడగండి. వడ్డీకి తెచ్చి మాత్రం వెళ్లకండి. అప్పుడు రెండో మెట్టే మీకు మేలు.

నాలుగో మెట్టు: ల్యాబ్

పేషెంట్లతో మాట్లాడటం కన్నా చేతిపని ఇష్టమైనవాళ్లకి ఇది. క్యాప్‌లు, బ్రిడ్జిలు, కట్టుడు పళ్లు తయారుచేసే డెంటల్ టెక్నీషియన్. చట్టంలో డెంటల్ మెకానిక్ అన్నది వీళ్లనే. దీనికీ రెండేళ్ల డిప్లొమా ఉంది. పింగాణీ పొడి కలిపి చేత్తో చెక్కే రోజుల నుంచి ఈ పని కంప్యూటర్ మీదకి మారుతోంది. నోట్లో స్కానర్ తిప్పితే పంటి ఆకారం స్క్రీన్ మీదకొస్తుంది. దాని మీద క్యాప్ డిజైన్ చేస్తారు, మెషిన్ జిర్కోనియా దిమ్మని చెక్కేస్తుంది. ఈ డిజైన్ పని చేసేవాళ్లని క్యాడ్ క్యామ్ డిజైనర్లు అంటారు. క్లినిక్‌లో పనిచేసి వచ్చినవాళ్లకి పంటి ఆకారం, కొరుకు కలవడం ముందే తెలిసి ఉంటాయి కాబట్టి త్వరగా పట్టుకుంటారు. మీ క్లినిక్ ఏ ల్యాబ్‌కి పంపుతుందో కనుక్కుని, ఒక ఆదివారం వెళ్లి చూసి రండి.

"అక్కా, అబ్రాడ్ వెళ్లొచ్చా?"

వెళ్లొచ్చు. కానీ క్లినిక్‌లో నేర్చుకున్న అనుభవం ఒక్కటే వీసా తీసుకురాదు. దుబాయ్ లాంటి చోట్ల ఆరోగ్య రంగంలో పనిచేయాలంటే అక్కడి హెల్త్ అథారిటీ లైసెన్సు కావాలి. మీ సర్టిఫికెట్లు నిజమైనవా అని ఇచ్చిన సంస్థనే అడిగి తేల్చుకుంటారు. ఆ 40 వేల కాగితం అక్కడ మొదటి రోజే చిరిగిపోతుంది. గల్ఫ్ ఏజెంట్ ఎవరైనా, కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ సైట్‌లో అతని రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడకుండా పాస్‌పోర్ట్ చేతికివ్వకండి. బ్రిటన్‌లో ఈ పనినే డెంటల్ నర్స్ అంటారు. అక్కడ జనరల్ డెంటల్ కౌన్సిల్‌లో రిజిస్టర్ కావాల్సిందే.

అమెరికాలో రాష్ట్రానికో రూలు. పెళ్లయి వెళ్లి, పని అనుమతి వచ్చినవాళ్లు అక్కడి డాంబ్ సంస్థ పెట్టే సీడీఏ పరీక్ష గురించి చూడొచ్చు. అక్కడి ప్రభుత్వ లెక్కల్లో 2023లో డెంటల్ అసిస్టెంట్ ఏడాది జీతం మధ్యస్థంగా 46,500 డాలర్ల దాకా ఉంటే, హైజీనిస్ట్‌ది 87,500 దాకా ఉంది. అదే క్లినిక్, అదే చైర్. తేడా తెచ్చింది చదువు, లైసెన్సు. ఇక్కడైనా అక్కడైనా సూత్రం ఒకటే.

మరి బీడీఎస్?

ఈ ప్రశ్న మీరు అడగలేదు, కానీ మనసులో ఉండే ఉంటుంది. నీట్ రాసి బీడీఎస్‌లో చేరితే ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్లు. దేశంలో 300కి పైగా డెంటల్ కాలేజీలున్నాయి. కొత్తగా పాసైన బీడీఎస్‌లు మొదట్లో తక్కువ జీతాలకే పనిచేస్తున్నారని మీ కళ్లతో చూసే ఉంటారు. హైదరాబాద్, విజయవాడ, కడపల్లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లో సీటొచ్చే ర్యాంకు వస్తుందనుకుంటే ప్రయత్నించండి. అప్పుచేసి ప్రైవేట్ సీటు మాత్రం వద్దు.

జీతం పెంచమని అడిగేదెలా?

నాలుగేళ్లయింది, 11 వేలే. డాక్టర్ గారు చెడ్డవారని కాదు, మీరు అడగలేదు, ఆయన పెంచలేదు. శనివారం పేషెంట్లు కిటకిటలాడే టైమ్‌లో కాకుండా, ఖాళీగా ఉన్న మధ్యాహ్నం వెళ్లి కూర్చోండి. మీ నోట్‌బుక్ ముందు పెట్టండి. "సర్, స్టెరిలైజేషన్ రికార్డు నేనే చూస్తున్నాను, ల్యాబ్ కేసులు నేనే ఫాలో అప్ చేస్తున్నాను. పక్క టౌన్‌లో 18 అంటున్నారు. నాకు మీ దగ్గరే ఉండాలని ఉంది. ఎంత చేయగలరు?" అంతే. కళ్లనీళ్లు వద్దు, బెదిరింపు వద్దు.

పెంచలేనంటే మూడు అడగండి. అనుభవ పత్రం, తేదీలతో, చేసిన పనులతో. కోర్సుకి వెళ్లడానికి టైమింగ్‌లో వెసులుబాటు. బ్యాంకు ఖాతాలోకే జీతం, రేపు ఎక్కడైనా చూపించుకోవడానికి. పెద్ద చోటికి మారేటప్పుడు గుర్తుంచుకోండి. పదిమంది లేదా అంతకన్నా ఎక్కువ స్టాఫ్ ఉంటే, 21 వేల లోపు జీతం వాళ్లకి ఈఎస్ఐ, 20 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే పీఎఫ్ వర్తిస్తాయి. వెయ్యి రూపాయలు తక్కువైనా ఇవి ఉన్న ఉద్యోగమే ఎక్కువ.

ఈ మూడు నెలలు ఇలా

మొదటి నెల: హెపటైటిస్ బి మొదటి డోసు, నోట్‌బుక్, ఆటోక్లేవ్ రికార్డు. డాక్టర్ గారితో జీతం మాట.

రెండో నెల: గుర్తింపు ఉన్న కాలేజీల జాబితా తీసి, కనీసం రెండు చోట్లకి స్వయంగా వెళ్లి ఫీజు, సీట్లు కనుక్కోవడం. నాన్నగారిని తోడు తీసుకెళ్లండి, ఆయనకీ విషయం అర్థమవుతుంది.

మూడో నెల: నిర్ణయం. సీటుంటే హైజీనిస్ట్. లేకపోతే ఓపెన్ డిగ్రీలో చేరి, పెద్ద క్లినిక్కులకి కోఆర్డినేటర్ పోస్టుకి అప్లికేషన్లు.

నెలకి 7 వేలు ఎక్కువంటే మీ ఇంట్లో ఎంతో నాకు తెలుసు. మిర్చి పోయిన ఏడు అది ఇంకా ఎక్కువ. వద్దనడం తేలిక కాదు. కానీ ఆ 7 వేలు మీ పనికి ఇస్తున్న జీతం కాదు, డాక్టర్ లేని గదిలో జరగబోయే తప్పుకి ముందే ఇస్తున్న అడ్వాన్స్. దాన్ని మీరు తీసుకోకండి.

మూడు నెలల తర్వాత మళ్లీ రాయండి. ఏ మెట్టు ఎక్కారో ఇక్కడే అందరికీ చెబుదాం. ఫార్మసీలో, స్కానింగ్ సెంటర్లో, ల్యాబులో ఇలాగే ఆగిపోయామనుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ ప్రశ్నలూ పంపండి. వచ్చే వారం కలుద్దాం.